ఆ పూట వంతు ఎవరిది?

"పాలివ్వడానికి పది నిమిషాలు. ఆ తర్వాత పిల్లని బయటికి పంపెయ్యాలి," అంది మహిళా కానిస్టేబులు గడియారం వంక చూస్తూ.

"నీకు పిల్లలున్నారా?" అంది ఆరా అక్క.

"ఇద్దరు."

"వాళ్ళూ గడియారం చూసుకునే తాగారా?"

కానిస్టేబులు మొహం మాడ్చుకుని తలుపు దగ్గరికి జరిగింది. జరిగింది గానీ బయటికి పోలేదు.

స్టేషన్లో పాత ఫైళ్ళు పడేసే గది అది. బీరువాకీ గోడకీ మధ్య నేల మీద కూర్చుని ఉంది ఇస్త్రీ పిల్ల. లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. ఒళ్ళో నెలల పాప. రెండు గుక్కలు తాగడం, దగ్గడం, మళ్ళీ వెతుక్కోవడం. ఆ దగ్గు పసిపిల్ల దగ్గులా లేదు. పెద్దవాళ్ళ దగ్గులా అడుగు నుంచి గీరుకుంటూ వస్తోంది. ఊరి చెత్తంతా తెచ్చి ఇళ్ళ వెనక పోసి తగలబెడుతుంటే పిల్లల ఊపిరి ఇంకెలా ఉంటుంది?

ఆ చెత్త లారీలను ఆపడానికే ఆడవాళ్ళు డంపు యార్డు గేటు పక్కన శిబిరం వేసుకుని కూర్చున్నారు. నిన్న మధ్యాహ్నం ఆ శిబిరం కాలిపోయింది. లోపలున్న వ్యానక్క దానితోపాటే కాలిపోయింది. స్కూలు వ్యాను తోలే మనిషి. మొట్టమొదట తన వ్యానుని లారీకి అడ్డంగా పెట్టి, తాళం జాకెట్లో దోపుకుని రోడ్డు మీద కూర్చున్నది ఆవిడే. సాయంత్రానికల్లా పోలీసులు ఇస్త్రీ పిల్లను పట్టుకొచ్చారు. స్టవ్వు వెలిగించి వదిలేసి పోయిందని ఇవాళ పొద్దున తేల్చారట. నిర్లక్ష్యంగా ఒక ప్రాణం తీసిందట. ఇవాళ ఐదింటికి కోర్టు, అక్కడి నుంచి అటే జైలు. ఎల్లుండి పోలింగు.

ఆరా అక్క ఒకప్పుడు బీమా కంపెనీలో పని చేసేది. కాలిపోయిన గోడౌన్లకు వెళ్ళి, మంట దానంతటదే పుట్టిందా, ఎవరైనా పుట్టించారా అని తేల్చడం ఆమె ఉద్యోగం. ఇప్పుడు అదే పని సొంతంగా చేస్తోంది, అందుకే ఊళ్ళో ఆరా అక్క అయింది. ఈ పొద్దున ఆమెను పిలిపించింది టీచరమ్మ. పిల్లలకు పాఠాలు చెప్పి చెప్పి ఇప్పుడు మునిసిపల్ ఛైర్మన్ మీద పోటీకి నిలబడిన మనిషి. "చేయించింది ఛైర్మనే. అది నాకు తెలుసు, ఊరికి తెలుసు. నువ్వు రుజువు చూపించు చాలు," అంది. ఆవిడ గొంతు ఇప్పుడు స్టేషన్ గేటు బయట మైకులో మోగుతోంది. "మన చెల్లెల్ని కాల్చేశారు! జవాబు చెప్పాల్సింది ఎవరు?" జనం గోలకి కిటికీ అద్దాలు అదురుతున్నాయి.

"ఏడవకు," అంది ఆరా అక్క ఇస్త్రీ పిల్ల ముందు చతికిలబడుతూ. "నువ్వు ఏడుస్తుంటే అది తాగడం మానేసి నీ మొహం చూస్తోంది. స్టవ్వు ఎవరిది?"

"అసలు స్టవ్వే లేదక్కా! మా శిబిరంలో అగ్గిపుల్ల కూడా ఉండదు. వ్యానక్క ఒప్పుకోదు. పిల్లలు పడుకునే చోటు కదా. సిగరెట్టుతో ఎవరొచ్చినా రోడ్డుకవతలే నిలబెట్టి మాట్లాడేది. టీ కూడా ఎదురు కొట్లోంచే వచ్చేది."

"మరి నిన్ను అడిగినప్పుడు నేరం ఒప్పుకున్నావంటున్నారు?"

"నేనేం ఒప్పుకున్నాను?" అంది పిల్ల. "ఆ పూట నేనుండాల్సిందన్నాను. వంతు నాదే అన్నాను. రాత్రంతా అదే అన్నాను. ఇంకేం నోట రాలా."

"వంతేంటి?"

"మధ్యాహ్నం గాలి తిరుగుతుందక్కా. యార్డు పొగంతా శిబిరం మీదికొచ్చేస్తుంది. యార్డు వైపు తడి దుప్పట్లు కడతాం. అయినా ఆగదు. అందుకని ఆ రెండు గంటలూ పిల్లల్ని తీసుకుని రోడ్డవతల బస్ షెల్టరుకి పోతాం. ఆ పొగలో అక్కణ్ణుంచి శిబిరం కూడా కనపడదు. కానీ ఒకరు ఉండి తీరాలి. ఎవరూ లేకపోతే ఖాళీగా ఉందని చెప్పి పీకేస్తారు కదా. ఆ ఒక్కరూ పరదా దించుకుని, మొహాన తడిగుడ్డ కప్పుకుని లోపలే పడుకుంటారు. నిన్న నా వంతు."

"వంతులు ఎవరు వేస్తారు?"

"టీచరమ్మ. రోజూ పొద్దున వచ్చి బళ్ళో హాజరు పిలిచినట్టు పిలుస్తుంది. 'ఇవాళ ఎవరే? ఇస్త్రీ పిల్లా, నువ్వే' అంటే, 'ఉన్నాను టీచర్' అనాలి. నవ్వుకునేవాళ్ళం." ఆ పిల్ల పెదాలు నవ్వుకి ఒక పక్కకి పోయి, అక్కణ్ణుంచి ఏడుపుకి తిరిగాయి. "టీచరమ్మ వెళ్ళిపోయాక దీనికి దగ్గు ఎక్కువైంది. వ్యానక్క చూసి, 'నువ్వు పోవే, నేనుంటాలే, పొగ నాకేం కొత్తా, డీజిలు పీల్చిన ప్రాణం' అంది. పొమ్మంటే వచ్చేశానక్కా. సంచీ కూడా తీసుకోకుండా వచ్చేశాను."

"వంతు మారినట్టు ఎవరెవరికి తెలుసు?"

"షెల్టరులో ఉన్నవాళ్ళకి. మాకే."

"టైమైంది," అంది కానిస్టేబులు.

పాపను విడదీస్తుంటే అది తల్లి జాకెట్టు అంచు పిడికిట్లో పట్టుకుంది. ఒక్కొక్క వేలూ విప్పాల్సి వచ్చింది. ఆ పని కానిస్టేబులే చేసింది. చేస్తూ ఎవరి మొహమూ చూడలేదు.

*

శిబిరం దగ్గర ఇన్‌స్పెక్టరు అప్పటికే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. అతను ఆరా అక్కకు స్వయానా పెద్దక్క మొగుడు. అదో అదనపు చిరాకు.

"ఏం మరదలా, టీచరమ్మ బాగా ముట్టజెబుతోందా?"

"నువ్వు జీతం లేకుండా పనిచేస్తున్నావా బావా?"

"పాయింటుకి రా. చూడాల్సింది చూడు. ఐదింటికి కోర్టులో ఉండాలి నేను."

శిబిరం వెనక యార్డు ఇనప జాలీ. రెండు పక్కలా పాత లారీ టైర్లు పేర్చిన గోడలు, లారీలు దూసుకురాకుండా ఆడవాళ్ళే దొర్లించుకొచ్చి పేర్చుకున్నవి. ఇప్పుడు అవి కాలి తీగెల చుట్టలుగా మిగిలాయి. మనిషి లోపలికి పోవాలన్నా, బయటికి రావాలన్నా దారి రోడ్డు వైపే. అక్కడ రెండు ఇనప గొట్టాలు పాతి ఉన్నాయి. వాటి మధ్యే పరదా ఉండేది.

యార్డు వైపు దుప్పట్లు సగం కాలి సగం మిగిలాయి. తడి కాపాడింది. రోడ్డు వైపున మాత్రం పరుపులు మట్టి దాకా కాలిపోయాయి. ఆరా అక్క మోకాళ్ళ మీద కూర్చుని, ఆ మట్టి గుప్పెడు తీసి వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"ఇది కిరోసిన్ కాదు."

"మరి సెంటా?"

"తిన్నరు. పెయింట్లో కలిపేది. నీ స్టవ్వు ఎక్కడ?"

ఇన్‌స్పెక్టరు మూల వైపు వేలు చూపించాడు. మసిబట్టి, ఒక పక్కకి ఒరిగి ఉంది కిరోసిన్ స్టవ్వు. చుట్టూ ముగ్గుతో గీత గీశారు. "ఎక్కడ దొరికింది అక్కడే ఉంచాం. ఫోటోలు తీశాం. చెయ్యి పెట్టకు."

"చెయ్యి నువ్వే పెట్టు. పైకెత్తు."

"ఎందుకు?"

"ఎత్తమన్నానా!"

ఎత్తాడు. కింద బూడిద. మెత్తగా, నల్లగా, చుట్టూ ఉన్నట్టే.

ఆరా అక్క లేచి నిలబడింది. కోపం వస్తే ఆమె గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ సంగతి ఇన్‌స్పెక్టరుకి తెలుసు.

"ఇంట్లో గోడకి సున్నం కొట్టేటప్పుడు బీరువా జరపకుండా కొడితే వెనకాల పాత గోడ అలాగే ఉంటుంది. ఉంటుందా లేదా? మంట వచ్చినప్పుడు ఈ స్టవ్వు ఇక్కడుంటే దాని కింద నేల ఉండాలి. బూడిద ఉందంటే, అంతా కాలి చల్లారాక ఎవరో తెచ్చి బూడిద మీద పెట్టారు. ఆ పిల్ల నిన్న సాయంత్రం నుంచీ నీ గదిలో నేల మీద కూర్చుని ఉంది. ఆమె వచ్చి పెట్టిందా? చెప్పు బావా. గోడ దూకి వచ్చి పెట్టిందా?"

"మా వాళ్ళు పెట్టలేదు." మొహం నల్లబడింది అతనికి. "పొద్దున కాపలా కానిస్టేబులు చూసి చెప్పాడు. అంతకుముందు ఛైర్మన్ మనుషులొచ్చారు, పరామర్శ అంటూ. వాడు టీ తాగడానికి పోయి..."

"వాడు టీకి పోతే నువ్వు కళ్ళు మూసుకున్నావు."

"నోరు అదుపులో పెట్టుకో! నేను పోలీసుని, నీ అక్క మొగుణ్ణి కాదు ఇక్కడ."

"అయితే పోలీసులా చూడు. ఇటు రా."

రోడ్డు వైపు గొట్టాల దగ్గరికి లాక్కుపోయింది. మోకాలెత్తు నుంచి తలెత్తు దాకా ఒక గొట్టం నుంచి రెండో గొట్టానికి బైండింగ్ వైరు నాలుగైదు వరసలు చుట్టి ఉంది. మంటకి నీలిరంగు తిరిగింది గానీ తెగలేదు. కొసలు రెండూ కలిపి ప్లయరుతో బిగించి మెలిపెట్టారు. ఆ మెలిక గొట్టానికి బయటి వైపు ఉంది. వైరులోనే ఇరుక్కుని పరదా తాలూకు రెండు కాలిన ఇత్తడి వలయాలు.

ఇన్‌స్పెక్టరు ముందుకి వంగాడు. 

"బ్యానర్ల వైరనుకున్నాం," అన్నాడు.

"లోపల మనిషి ఉందని తెలిసి, తలుపు బిగించి మరీ తగలబెట్టారు. ఆవిడ ఈ వైరుని చేతుల్తో లాగి ఉంటుంది బావా. డాక్టరు చెప్పాడా, అరిచేతుల సంగతి? చెప్పే ఉంటాడు. నువ్వే దాన్ని కాలిన గాయాల్లో కలిపేశావు."

అతను వైరు మీంచి చూపు తిప్పుకుని రోడ్డు వైపు నడిచాడు. 

రోడ్డు పక్కన ఇనప బారికేడ్లు వరసగా పేర్చి ఉన్నాయి. మసి అంటలేదు గానీ నిన్నటి బూడిద మాత్రం పట్టింది. ఆరా అక్క చూపు అక్కడ ఆగింది.

"ఇవెందుకు తెచ్చావు?"

"జనాన్ని ఆపడానికి."

"ఆపడానికైతే నిలబెడతారు, పేర్చి ఉంచరు. వీటి మీద కూడా బూడిద పడింది. అంటే మంట రాకముందే తెచ్చావు. నిన్న పొద్దున ఇక్కడ ఏం జరగబోతోందని తెచ్చావు?"

ఇన్‌స్పెక్టరు చుట్టూ చూశాడు. గొంతు తగ్గించాడు. "సాయంత్రం ఛైర్మన్ వస్తానన్నాడు. యార్డు మూసేస్తున్నట్టు ఇక్కడే, ఆడవాళ్ళ ముందే చెబుతానన్నాడు. వ్యానక్కతో మాట్లాడుకున్నాడు. 'మూసి చూపించు, మర్నాడే టెంటు పీకేస్తాం. ఎవరికి ఓటెయ్యమనీ మేం చెప్పం, ఎవరికీ వెయ్యొద్దనీ చెప్పం' అందట ఆవిడ."

"ఆ మాట ఇంకెవరికి తెలుసు?"

"శిబిరం ఆడవాళ్ళకి సాయంత్రం చెబుతానంది. ముందుగా ఎవరికి చెప్పిందో నాకేం తెలుసు? అందుకే అంటున్నా, ఛైర్మన్‌కి దీన్ని తగలబెట్టాల్సిన ఖర్మేంటి? గెలిచే దారి దొరికినవాడు. ఈ నాలుగు వీధుల్లో మూడేళ్ళ కోపం ఉంది. ఊరంతా సగం సగం చీలిపోతే తేల్చేది ఈ వీధులే. ఆ కోపం చల్లారితే ఆయన బయటపడతాడు. ప్రమాదం అన్నా బయటపడతాడు. హత్య అని నువ్వు ఇప్పుడు నోరు తెరిచావనుకో, ఎల్లుండి డబ్బాలు తెరవక్కర్లేదు. టీచరమ్మ ఇంటికి దండలు పంపించెయ్యొచ్చు. నువ్వు నోరు తెరిస్తే ఎలక్షను అటు, మూస్తే ఇటు. ఆలోచించుకో."

"అందుకని పాలిచ్చే పిల్లని జైల్లో పడేస్తావు. ఆయన గెలవడానికి."

"నేను ఎవర్నీ గెలిపించడం లేదు!"

"మరి? ఆ ఆడవాళ్ళు ఎండలో, పొగలో కూర్చున్నది వీళ్ళలో ఎవరో ఒకళ్ళు గెలవడానికా? పిల్లలు దగ్గకుండా నిద్రపోవాలని కూర్చున్నారు. దాన్ని ఒకళ్ళు ఓట్లుగా లెక్కేస్తారు, ఇంకొకళ్ళు నష్టంగా లెక్కేస్తారు. నువ్వు శాంతిభద్రతలంటావు. మనిషి కాలిన చోట నిలబడి లెక్కలు చెబుతున్నావే, సిగ్గు లేదూ?" ఆమె సెల్ఫోను తీసి వైరుకి, స్టవ్వు కింద బూడిదకి ఫోటోలు తీసింది. "గంటలో ఆ పిల్లని వదిలెయ్. లేకపోతే ఈ రెండూ గేటు బయట మైకులున్న ప్రతివాడి చేతిలో పెడతాను. ఇంటికెళ్ళి మా అక్కకి కూడా చూపిస్తాను. రెండోదానికే ఎక్కువ భయపడతావని తెలుసు."

ఇన్‌స్పెక్టరు పళ్ళు కొరికాడు. "సాక్షిగా రాసుకుని వదులుతా. కానీ పూచీ కావాలి. ఊళ్ళో పరువున్న మనిషి ఎవరైనా సంతకం పెట్టాలి."

*

పూచీకి మనిషిని వెతకాల్సిన పనే లేకపోయింది. సంగతి తెలియగానే టీచరమ్మ మైకు పక్కన పెట్టి తనే లోపలికొచ్చింది. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని కాగితం మొత్తం చదివి, ఒక చోట తప్పు దిద్ది మరీ సంతకం పెట్టింది.

"ఏమే, తిన్నావా?" అంది ఇస్త్రీ పిల్ల తల నిమురుతూ.

"లేదు టీచర్."

"మా ఇంటికి పద. మీ వీధిలో ఇప్పుడు వద్దు. ఛైర్మన్ మనుషులు తిరుగుతున్నారు, సాక్షివైపోయావు మరి. పిల్లకి డాక్టర్ని పిలిపిస్తాను." ఆరా అక్క వైపు తిరిగింది. "ఏమ్మా, నేనన్నది నిజమేనా? తగలబెట్టారా?"

"తగలబెట్టారు. తలుపు బిగించి తగలబెట్టారు."

టీచరమ్మ కళ్ళు మూసుకుంది. "చూశావా! ఆ వైరు ఫోటో నాకు పంపించు."

ఇస్త్రీ పిల్ల పాపతో టీచరమ్మ కారు వెనక సీట్లో కూర్చుంది. పాప పిడికిలి మళ్ళీ తల్లి జాకెట్టు అంచు మీదికి పోయింది. కారు తలుపు సరిగ్గా పడలేదు. ఆరా అక్కే మళ్ళీ తెరిచి గట్టిగా వేసింది. అద్దంలోంచి ఆ పిల్ల రెండు చేతులూ జోడించింది. కారు గేటు దాటిపోయింది.

ఆరా అక్క అక్కడే నిలబడింది. ఏదో పంటి కింద రాయిలా తగులుతోంది. కడుపునిండా కోపం ఉన్నప్పుడు ఇలాంటివి సరిగ్గా తెలియవు. తనని తనే తిట్టుకుంటూ గేటు వైపు నడిచింది. గేటు పక్కన స్తంభానికి వ్యానక్క బ్యానరు కట్టి ఉంది. దాన్ని కట్టింది బైండింగ్ వైరుతోనే. కొసలు ప్లయరుతో బిగించి మెలిపెట్టారు. మెలిక బయటి వైపుకి.

పక్కన నిలబడిన శిబిరం ముసలమ్మని అడిగింది. "ఈ బ్యానర్లు కట్టేదెవరు పిన్నీ?"

"మన బ్రష్షు మనుషులే కదమ్మా. బొమ్మలేస్తాడే, ఆ బ్రష్షు. మా శిబిరానికి డబ్బులు తీసుకోకుండా రాసిపెడతాడు పాపం. అంతా టీచరమ్మే చూసుకుంటుంది."

*

బ్రష్షు షెడ్డు బస్సు డిపో వెనక సందులో ఉంది. తలుపు దగ్గరే తిన్నరు వాసన గుప్పుమంది. అదే వాసన. గోడకి మేకు, మేక్కి బైండింగ్ వైరు చుట్ట, చుట్టలో ఇరికించిన ప్లయరు.

లోపల నేల మీద పెద్ద గుడ్డ బ్యానరు పరిచి ఉంది. ఒక బక్క మనిషి దాని మీద బోర్లా వంగి, గుడ్డపేలికతో ఏదో తుడుస్తున్నాడు. మోచేతుల దాకా తెల్లరంగు.

"ఇవాళ ఆర్డర్లు తీసుకోనండీ," అన్నాడు తలెత్తకుండా. "ఎల్లుండి దాకా ఊపిరాడదు."

"వ్యానక్కకి ఊపిరాడలేదు," అంది ఆరా అక్క. "పరదా గొట్టాలకి నీ వైరు ఉంది. పరుపుల మీద నీ తిన్నరు ఉంది. లే."

అతను లేవలేదు. వెనక్కి కూలబడ్డాడు. "నేను కాదు. అమ్మతోడు నేను కాదు. మొన్న సాయంత్రం కుర్రాళ్ళొచ్చి డబ్బా తిన్నరు, వైరు పట్టుకుపోయారు. బ్యానర్లకన్నారు. ఎప్పుడూ తీసుకెళ్ళేదే. నేను బొమ్మలేసుకునేవాణ్ణి."

"ఎవరి కుర్రాళ్ళు?"

అతను బ్యానరు వంక చూశాడు. ఆరా అక్క కూడా చూసింది.

చుట్టూ నల్లటి అంచు. కింద పెద్దక్షరాలు: ఈ పసిదానికి తల్లిని ఎవరు తెచ్చిస్తారు? అక్షరాల పైన ఒక పాప బొమ్మ. దగ్గుతూ ఎర్రబడిన ఆ బుగ్గల్ని ఆమె మధ్యాహ్నమే చూసింది. పాప పక్కన ఒక ఆడమనిషి మొహం ఉండాల్సిన చోట తెల్లరంగు పూసి ఉంది. ఆ తెల్లరంగునే అతను పేలికతో తుడుస్తున్నాడు. సగం తుడిచాడు. కింద నుంచి నుదురు, కళ్ళు, చిన్న ముక్కు బయటపడ్డాయి.

ఇస్త్రీ పిల్ల కళ్ళు.

ఆమె ఆ నుదుటి మీద బొటనవేలితో నొక్కింది. రంగు అంటలేదు. గట్టిగా ఆరిపోయి ఉంది.

"ఆయిలు రంగు ఇలా ఆరాలంటే ఎంతసేపు పడుతుంది?"

"రెండు రోజులు."

"మంట నిన్న మధ్యాహ్నం వచ్చింది. ఈ మొహం ఎప్పుడు వేశావు?"

 "మొన్న."

"చనిపోయిన మనిషి బొమ్మకి వేసే అంచు వేశావు. బతికున్న పిల్లకి. మొన్న. అడగాలనిపించలేదా?"

"అడిగాను! నాటకానికన్నారు. ఊరేగింపులో శవయాత్ర నాటకం వేస్తామన్నారు. నిన్న సాయంత్రం వచ్చి మొహం మార్చమన్నారు, వ్యానక్కది వెయ్యమన్నారు. అప్పుడు... అప్పుడు నాకు అర్థమైంది. నాకూ కూతుళ్ళున్నారండీ. చెప్పడానికి భయమేసింది."

ఆరా అక్కకి చెవుల్లో హాజరు పిలుపు వినిపించింది. ఇవాళ ఎవరే? ఇస్త్రీ పిల్లా, నువ్వే. వంతు వేసిన మనిషికి వంతు తెలుసు. మారిన సంగతి తెలియదు. యార్డు మూతపడి, ఆడవాళ్ళు టెంటు పీక్కుని ఇళ్ళకి పోతే ఓడిపోయేది ఎవరు? ఆ కోపం ఎల్లుండి దాకా మండాలని ఎవరికి అవసరం? స్కూలు వ్యాను తోలే మొండి ఆడదానికంటే పసిబిడ్డ తల్లి చస్తే ఇంకా బాగా మండుతుంది. అంతా లెక్కేశారు. హాజరు పిలిచి మరీ లెక్కేశారు. స్టేషన్లో పంటి కింద తగిలిన రాయి కూడా ఇప్పుడు తెలిసింది. తను టీచరమ్మతో తలుపు బిగించారని మాత్రమే అంది. దేనితో బిగించారో చెప్పలేదు. ఆ వైరు ఫోటో పంపించు అంది ఆవిడ.

"ఈ మొహం గియ్యడానికి ఫోటో ఇచ్చింది టీచరమ్మేనా?"

బ్రష్షు తలూపాడు.

ఫోను తీసింది. బావ నంబరు. ఎంగేజ్. మళ్ళీ కొట్టింది. ఎంగేజ్. మూడోసారి కొడుతూ, అప్పుడు గమనించింది. ఆ పేలిక ఇంకా అతని చేతిలోనే ఉంది. పేలిక నుంచి తెల్లరంగు బొట్లు బొట్లుగా కారుతోంది. తడిగా ఉంది.

నిన్న సాయంత్రం వ్యానక్క మొహం కోసం పూసిన తెల్లరంగు. దాన్ని ఇప్పుడు తుడిచేస్తున్నాడు. కింది మొహం బయటికి తెస్తున్నాడు.

"ఏయ్," అంది. గొంతు తనకే వినపడనంత తగ్గిపోయింది. "తెల్లరంగు ఎందుకు తుడుస్తున్నావు?"

"అరగంట క్రితం ఫోనొచ్చిందండీ." బ్రష్షు మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. "పాత మొహం కూడా కావాలట. రేపు పొద్దున ఊరేగింపుకి ఇద్దరివీ పక్కపక్కన ఉండాలట."

అరగంట క్రితం. కారు గేటు దాటిన వేళ. ఆ కారు తలుపు సరిగ్గా పడలేదని మళ్ళీ తెరిచి, గట్టిగా వేసింది తనే.

ఫోన్లో బావ గొంతు "హలో, హలో" అంటూనే ఉంది. ఆరా అక్క అప్పటికే సందు చివర పరిగెడుతోంది.